నలుగురినీ వెంటబెట్టుకొని నైలు నదికి: థామస్ కుక్ జీవిత కథ

క్రిందటి సమావేశంలో ఈజిప్టు యాత్ర ప్రస్తావన వచ్చినప్పుడు మన సభ్యులు రెండు వర్గాలుగా చీలిపోవటం అందరికీ గుర్తుండే వుంటుంది. ముప్ఫై, నలభై ఏళ్ళు ఉద్యోగం చేసి, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు ముగించుకొన్న తరువాత ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని కొందరు అన్నారు. మోకాళ్ళ నొప్పులు, చక్కెర వ్యాధి, రక్తపోటు పెట్టుకొని ఎడారిలో సమాధులు చూడటానికి పోవటమేమిటని, ఆ డబ్బుతో నాలుగుసార్లు కాశీకి వెళ్ళి రావచ్చునని మరికొందరు అన్నారు. వాదన తేలలేదు కాని, వచ్చే చలికాలంలో వెళ్దామనుకొంటున్న వారి జాబితా మాత్రం పెరుగుతూనే వుంది.

ఈ ప్రత్యేక సంచికకు పిరమిడ్ల గురించి ఒక వ్యాసం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. పిరమిడ్లను గురించి నాకన్నా బాగా తెలిసినవారు చాలా రాశారు. అందువల్ల నేను మరొక దారి పట్టాను. మనలాంటి మామూలు మనుషులు ఒక గుంపుగా బయలుదేరి, ముందుగా కట్టిన సొమ్ముతో, ఎవరి చేతా మోసపోకుండా పిరమిడ్లు చూసి క్షేమంగా ఇల్లు చేరవచ్చునని తలచి, దానిని చేసి చూపించిన మనిషి కథ రాస్తున్నాను. ఆయన పేరు థామస్ కుక్. నగరంలో ఆ పేరుతో వున్న యాత్రా సంస్థ బోర్డును మీలో చాలామంది చూసే వుంటారు. బోర్డు వెనుక ఒక మనిషి వున్నాడని, అతడు వడ్రంగి అని మాత్రం తెలిసినవారు తక్కువ.

ముందే ఒక మాట మనవి చేస్తాను. ఆయన మొదటిసారి నైలు నది మీద యాత్రికుల బృందాన్ని నడిపించేనాటికి ఆయన వయస్సు అరవై ఏళ్ళు. అంటే మనలో చాలామందికి పూలదండ వేసి, శాలువా కప్పి, ఇంటికి పంపించే వయస్సు.

పేదింటి బాలుడు

థామస్ కుక్ 1808 నవంబరు 22న ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో మెల్బోర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరం వేరు, ఇది వేరు. తండ్రి కూలిపని చేసేవాడు. థామస్ పసితనంలోనే ఆయన కన్నుమూశాడు. తల్లి మారుమనువు చేసుకొన్నది. పదేళ్ళు నిండగానే బడి మాన్పించి తోటపనికి పెట్టారు. రోజుకూలి ఒక పెన్నీ. ఆ తరువాత దగ్గర బంధువు ఒకాయన వద్ద వడ్రంగం నేర్చుకోవటానికి కుదిరాడు. ఆ బంధువుకు తాగుడు అలవాటు. మంచి పనివాడైనా తాగుడువల్ల మనిషి ఎట్లా పాడైపోతాడో ఆ కుర్రవాడు కళ్ళారా చూశాడు. తరువాతి జీవితమంతా ఆయన మద్యపానానికి బద్ధశత్రువుగా నిలవటానికి బీజం అక్కడే పడింది.

ఆయన బాప్టిస్టు క్రైస్తవ శాఖకు చెందినవారు. ఇరవయ్యవ ఏట ఊరూరా తిరిగి మతబోధ చేసే పనిలో చేరారు. 1829 సంవత్సరం ఒక్కదానిలోనే 2,692 మైళ్ళు తిరిగారు. అందులో 2,106 మైళ్ళు కాలినడకనే. రోజుకు సగటున ఆరు మైళ్ళ దాకా నడక అన్నమాట. ఇప్పుడు మనం దుర్గం చెరువు గట్టున ఉదయం పూట రెండు చుట్లు తిరిగివచ్చి ఎంతో చేశామనుకొంటాము కదా, ఆ లెక్కన చూడండి. ఆ పనిమీద వచ్చే జీతం ఆగిపోయినప్పుడు మళ్ళీ వడ్రంగమే చేతబట్టారు. 1833లో మేరియాన్ మేసన్ అనే రైతుబిడ్డను పెళ్ళాడారు. మరుసటి ఏడు కొడుకు జాన్ మేసన్ పుట్టాడు. చాలాకాలం తరువాత, 1845లో, ఆనీ అనే కూతురు కలిగింది. ఈ ఇద్దరు బిడ్డల పేర్లు గుర్తుంచుకోండి. కథ చివరలో వారితో పని వున్నది.

మొదటి రైలు ప్రయాణం

ఆ రోజుల్లో ఇంగ్లండులో తాగుడు మానిపించే ఉద్యమం బలంగా సాగుతూ వుండేది. 1992 ప్రాంతంలో మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు ఊళ్ళలో ఎంత ఊపు వచ్చిందో గుర్తు తెచ్చుకొంటే ఆ వాతావరణం మనకు అర్థమవుతుంది. కుక్ ఆ ఉద్యమంలో చురుకైన కార్యకర్త. 1841 జూన్ నెలలో ఒకనాడు ఆయన మార్కెట్ హార్‌బరోలోని తన ఇంటినుంచి సుమారు 15 మైళ్ళ దూరంలో వున్న లెస్టర్ పట్టణానికి సభకోసం నడిచి వెళుతున్నారు. కొత్తగా వేసిన రైలుమార్గాన్ని ఈ ఉద్యమానికి ఎందుకు వాడుకోకూడదన్న ఆలోచన ఆ నడకలో వచ్చింది. రైలు కంపెనీవారితో మాట్లాడి ఒక ప్రత్యేక రైలు ఏర్పాటు చేయించారు.

1841 జూలై 5న సుమారు అయిదువందలమంది లెస్టర్ నుంచి లఫ్‌బరోకు బయలుదేరారు. దూరం 12 మైళ్ళ లోపే. రానుపోను చార్జీ మనిషికి ఒక షిల్లింగు. చాలామంది పైకప్పు లేని పెట్టెలలో నిలబడి వెళ్ళారు. పొగా, నిప్పురవ్వలూ మీద పడుతున్నా బాజాభజంత్రీలతో, జెండాలతో పండుగలాగా సాగింది. అక్కడ తోటలో ఆటలు, టీ, ఉపన్యాసాలు ముగించుకొని రాత్రికి అందరూ క్షేమంగా తిరిగివచ్చారు. ఎవరూ తప్పిపోలేదు, ఎవరూ తాగలేదు. బృంద విహారయాత్రల చరిత్రలో ఈ చిన్న ప్రయాణాన్నే ముఖ్యమైన మొదటి మెట్టుగా చెప్పుకొంటారు.

దీనికి సరిగ్గా పదేళ్ళు ముందు మన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్ళి వచ్చారు. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. మన హైదరాబాదు మీదుగానే వెళ్ళారు. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగి. వెంట సుమారు నూరుమంది పరివారం. అంతటి స్తోమత వున్నవారు ముందు నడిస్తేనే తక్కినవారికి ఆ భాగ్యం దక్కేది. కుక్ చేసింది ఏమిటంటే, ఆ పెద్ద మనిషి స్థానంలో ఒక టిక్కెట్టును నిలబెట్టారు. తలా ఒక షిల్లింగు వేసుకొంటే ఏ జమీందారూ, ఏ ఉద్యోగీ అక్కర లేకుండా అయిదువందలమంది కదలవచ్చునని నిరూపించారు.

ఒడుదుడుకులు

మొదట్లో ఇదంతా సేవగానే సాగింది. 1845లో లివర్‌పూల్ యాత్రతో వ్యాపారంగా మొదలైంది. కుక్ ముందుగా తానే ఆ దారంతా తిరిగి, ఏ ఊళ్ళో ఎక్కడ బస చేయాలో, ఏమి చూడాలో రాసుకొని, చిన్న పుస్తకంగా అచ్చువేసి యాత్రికుల చేతికి ఇచ్చారు. చూడని చోటికి తన మనుషులను తీసుకుపోకూడదన్న ఈ నియమం ఆయన చాలాకాలం పాటించారు.

1846లో 350 మందిని స్కాట్లాండుకు తీసుకువెళ్ళారు. ఆ యాత్ర సజావుగా సాగలేదు. దారిలో అందుతుందన్న టీ అందలేదు. ఓడలో చాలినన్ని గదులు లేక ఎందరో రాత్రంతా పైతట్టు మీద వర్షంలో తడిశారు. ఆ ఏడే ఆయన దివాలా తీసినంత పని అయింది. మరొకరైతే అంతటితో వదిలి వడ్రంగానికి తిరిగిపోయేవారే. ఆయన తప్పులు దిద్దుకొని మళ్ళీ మొదలుపెట్టారు.

1851లో లండనులో మహా ప్రదర్శన జరిగింది. పల్లెటూళ్ళ కూలీలు, మిల్లు కార్మికులు ఒక్కసారిగా చార్జీ కట్టలేరు గనుక, మన చీటీల పద్ధతిలాగా వారం వారం కొద్దికొద్దిగా సొమ్ము దాచుకొనే సంఘాలను కుక్ ప్రోత్సహించారు. ఆ వేసవిలో ఆయన ద్వారా లండను చూసినవారు సుమారు ఒక లక్షా యాభైవేలమంది. వారిలో చాలామంది అంతకుముందు తమ జిల్లా దాటనివారు.

1860 దశకం మొదట్లో స్కాట్లాండు రైలు కంపెనీలు ఆయనకు టిక్కెట్లు ఇవ్వటం మానేశాయి. చేతిలో వున్న పని పోయింది. అప్పుడాయన సముద్రం దాటి 1863లో స్విట్జర్లాండుకు, మరుసటి ఏడు ఇటలీకి బృందాలను నడిపారు. ఈ బృందాలలో ఒంటరి స్త్రీలు చాలామంది వుండేవారు. మగతోడు లేకుండా ఆడవారు పొరుగుదేశం వెళ్ళటమే తప్పుగా భావించే కాలమది. కుక్ వెంట వుంటే ఇంట్లో పెద్దలు ఒప్పుకొనేవారు. ఉపాధ్యాయినులు, గుమాస్తాలు, చిన్న దుకాణదారులు ఆల్ప్స్ పర్వతాలను చూడటం కొందరు గొప్పవారికి కంటగింపు అయింది. పశువుల మందలాగా జనాన్ని తోలుకొస్తున్నాడని పత్రికలలో ఎగతాళి చేశారు. కుక్ వెనక్కు తగ్గలేదు. దేవుడు చేసిన ప్రపంచాన్ని చూసే హక్కు ధనవంతుల ఒక్కరి సొత్తు కాదన్నది ఆయన జవాబు.

ముందుగానే సొమ్ము కట్టి కూపన్లు తీసుకొంటే దారిలో హోటళ్ళవారు వాటిని డబ్బుకు బదులుగా పుచ్చుకొనే పద్ధతిని ఆయన 1860 దశకం చివరలో ప్రవేశపెట్టారు. 1874లో వచ్చిన ఆయన సర్క్యులర్ నోట్లు తరువాతి కాలపు ట్రావెలర్స్ చెక్కులకు దారి చూపినవాటిలో ఒకటి. మన ఉద్యోగకాలంలో ఎల్‌టీసీ బిల్లులు పెట్టుకొని నెలల తరబడి ఎదురుచూసినవారికి ఈ కూపన్ల విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

నైలు నది మీద

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 1868లో కుక్ తానొక్కరే ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాలకు వెళ్ళి దారులన్నీ చూసివచ్చారు. అప్పటిదాకా నైలు నది యాత్ర అంటే గొప్పింటివారి వ్యవహారం. కైరోలో దహబియా అనే తెరచాప పడవను నెలల లెక్కన అద్దెకు తీసుకోవాలి. దుబాసీతో, సరంగుతో, వంటవాడితో విడివిడిగా బేరమాడాలి. ఎలుకలూ పురుగులూ పోవటానికి పడవను ముందుగా నీళ్ళలో ముంచి తేల్చాలని ఆనాటి మార్గదర్శిని పుస్తకాలు సలహా ఇచ్చేవి. గాలి వీస్తే ప్రయాణం, లేకపోతే పడవవాళ్ళు గట్టుమీద నడుస్తూ తాళ్ళతో లాగాలి. వెళ్ళి రావటానికి రెండు మూడు నెలలు పట్టేది.

1869 ఆరంభంలో కుక్ బెన్హా, బెనిసువైఫ్ అనే రెండు ఆవిరి పడవలను అద్దెకు తీసుకొని సుమారు ముప్ఫైమంది యాత్రికులతో కైరోలో బయలుదేరారు. తిండి, పడక, గాడిద సవారీ, దుబాసీ, అన్నీ ముందు కట్టిన సొమ్ములోనే. కాలం మూడు వారాలు. విచిత్రమేమంటే అదే సమయంలో ఇంగ్లండు యువరాజు కూడా తన పరివారంతో నైలు మీద ముందు వెళుతున్నాడు. వెనుకనే ఈ గుమాస్తాల, పంతుళ్ళ గుంపు రావటం ఆయన వెంట వున్న పత్రికా రచయితకు రుచించక, వెటకారంగా రాశాడు. రాజకుమారుడూ, రోజువారీ జీతగాడూ ఒకే నదిలో, ఒకే కాలంలో, ఒకే గుళ్ళు చూడటం లోకంలో అప్పటికి కొత్త.

వాళ్ళు చూసినవీ, మన సభ్యులు చూడబోయేవీ చాలావరకు ఒకటే. గిజా పిరమిడ్లు, లక్సర్, కర్ణాక్ ఆలయాలు, అవతలి ఒడ్డున రాజుల లోయ, ఎడ్ఫు, అస్వాన్ దగ్గర ఫిలే ద్వీపం. అయితే కొన్ని తేడాలున్నాయి. అప్పట్లో స్ఫింక్స్ శరీరం చాలావరకు ఇసుకలో కూరుకొని వుండేది. స్థానికులు ఇద్దరు పైనుంచి చేతులు పట్టి లాగుతూ, ఒకరు కిందనుంచి నెడుతూ యాత్రికులను మహా పిరమిడ్ శిఖరానికి ఎక్కించేవారు. ఇప్పుడు ఎక్కటం నిషేధం. మన మోకాళ్ళకు అదొక మేలు. టుటంఖామున్ సమాధి అప్పటికి ఎవరికీ తెలియదు. అది 1922లో బయటపడింది. అస్వాన్ ఎత్తు ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోవలసిన అబూ సింబెల్ ఆలయాలను 1964, 1968 మధ్య కోసి, ఎత్తు మీదికి చేర్చి నిలబెట్టారు. మన నాగార్జునకొండ కట్టడాలను సాగర్ నీళ్ళు ముంచకముందు కొండమీదికి తరలించినట్లే. సాగర్ లాంచీ ఎక్కి ఆ ద్వీపానికి వెళ్ళివచ్చిన మన సభ్యులకు ఆ పని ఎంతటిదో తెలుసు.

అదే ఏడు నవంబరు 17న సూయజ్ కాలువ తెరిచారు. ఆ ఉత్సవానికి కూడా కుక్ ఒక బృందాన్ని తీసుకువెళ్ళారు. 1870 నుంచి ఈజిప్టు ప్రభుత్వపు ఆవిరి పడవలలో ప్రయాణికుల ఏజెన్సీ ఆయన సంస్థకు దక్కింది.

అరవైమూడో ఏట ప్రపంచం చుట్టి

1872 సెప్టెంబరు 26న కుక్ ఒక చిన్న బృందంతో లివర్‌పూల్ రేవులో ఓడ ఎక్కారు. అమెరికా ఖండాన్ని రైలులో దాటి, జపాను, చైనా, సింహళం మీదుగా మన దేశానికి వచ్చారు. కలకత్తా నుంచి బొంబాయి దాకా రైలులో వెళుతూ కాశీ ఘట్టాలూ, ఆగ్రా తాజమహలూ చూశారు. తరువాత ఎర్రసముద్రం మీదుగా మళ్ళీ ఈజిప్టు చేరారు. మొత్తం 222 రోజులు. ఓడలో అరవై నాలుగో పుట్టినరోజు గడిచిపోయింది.

ఈ వయస్సులో ఎందుకన్న ప్రశ్న ఆయనను కూడా అడిగినవారు వుండే వుంటారు. కాని ఆయన ప్రయాణం సాహసం కాదు, సన్నాహం. తనవెంట వచ్చేవారు రేపు ఎక్కడ దిగుతారో, ఎవరు ఎదురు వస్తారో ముందు తాను చూసి రావటమే ఆయన పని.

తండ్రీ కొడుకులు

ఇక్కడినుంచి కథ మన ఇళ్ళలో జరిగే కథలాగా మారుతుంది. కొడుకు జాన్ మేసన్ 1865 నుంచి లండను కార్యాలయం బాధ్యత వహించాడు. గట్టి పనివాడు, లెక్క కచ్చితం. తండ్రికేమో వ్యాపారమూ, ధర్మకార్యమూ వేరు కావు. కనబడిన పేదకు ఇవ్వటం, ప్రార్థనామందిరాలకు విరాళాలు, యాత్ర మధ్యలో మత ప్రచార పనులు. సంస్థ సొమ్ము ఇట్లా పోతూ వుంటే నడిచేదెట్లా అని కొడుకు. ఈ సంస్థ పుట్టిందే అందుకోసం కదా అని తండ్రి. ఇద్దరిలోనూ న్యాయం వున్నది. అందుకే ఆ తగవు తెగలేదు. చివరకు 1878లో తండ్రి పని నుంచి తప్పుకొన్నారు. తాను పుట్టించిన సంస్థలో ఆయనకు ఇక మాట చెల్లలేదు. లెస్టరులో కట్టుకొన్న కొత్త ఇంటికి చేరారు.

జాన్ మేసన్ సంస్థను ఎంతగానో పెంచాడు. నైలు మీద సొంత ఆవిరి పడవలు కట్టించాడు. 1880 దశకం నడిమిలో, సూడానులో చిక్కుకొన్న గార్డన్ సేనానిని విడిపించటానికి వెళ్ళిన సుమారు 18,000 మంది బ్రిటిషు సైన్యాన్ని నైలు మీద చేరవేసింది ఈ సంస్థే. సెలవులు గడపటానికి వేసిన దారి వెంటే సామ్రాజ్యం కూడా నడిచిందన్నమాట. దీనిని మనం మరచిపోకూడదు. 1886 నుంచి 1893 వరకు మన దేశపు హజ్ యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లు కూడా భారత ప్రభుత్వం ఈ సంస్థకే అప్పగించింది. లక్సరులో స్థానికుల కోసం ఆసుపత్రి నెలకొల్పటంలోనూ జాన్ మేసన్ ముందుండి పనిచేశాడు. కొడుకు చెడ్డవాడు కాడు. తండ్రి దారి వేరు, అంతే.

చివరి రోజులు

కొత్త ఇంట్లోకి చేరిన కొద్దికాలానికే, 1880 నవంబరులో, కూతురు ఆనీ స్నానాలగదిలో చనిపోయి కనిపించింది. నీళ్ళు కాచుకొనే కొత్తరకం గ్యాసు పరికరం నుంచి వెలువడిన విషవాయువే కారణమని తేలింది. ఆమె వయస్సు 35 ఏళ్ళు. వేలమందిని ఎడారులు దాటించి క్షేమంగా ఇంటికి చేర్చిన మనిషికి సొంత ఇంటి గదిలోనే ఈ ఘోరం జరిగింది. 1884లో భార్య మేరియాన్ కూడా పోయారు. క్రమంగా చూపు మందగించి, చివరికి కళ్ళు కనబడకుండా పోయాయి.

అయినా ఆయన కూర్చోలేదు. 1888లో, ఎనభయ్యవ ఏట, చివరిసారి పాలస్తీనా వెళ్ళివచ్చారు. పుట్టిన ఊరు మెల్బోర్నులో పేదల కోసం 14 చిన్న ఇళ్ళు, వారికొక రొట్టెల పొయ్యి, బట్టలుతికే గది, ప్రార్థనా మందిరం కట్టించారు. ఆ ఇళ్ళు ఇప్పటికీ నిలిచి వున్నాయి.

1891లో సంస్థ యాభై ఏళ్ళ పండుగను లండనులో ఘనంగా జరిపారు. మంత్రులు, పెద్దలు వచ్చారు. పునాది వేసిన థామస్ కుక్ మాత్రం ఆ విందులో లేరు. లెస్టరులో తన ఇంట్లోనే వుండిపోయారు. పదవీ విరమణ చేసిన తరువాత పాత కార్యాలయంలో జరిగే ఉత్సవాలకు పిలుపు కోసం ఎదురుచూసిన అనుభవం మనలో కొందరికైనా వుంటుంది. అందువల్ల ఈ ఒక్క వాక్యం రాయటానికి నాకు కొంచెంసేపు పట్టింది.

1892 జూలై 18న ఆయన కన్నుమూశారు. వయస్సు 83 ఏళ్ళు. లెస్టరులో భార్య, కూతురు పక్కనే సమాధి చేశారు. ఆయన విడిచిపోయిన ఆస్తి స్వల్పం. ఏడేళ్ళ తరువాత చనిపోయిన కొడుకు విడిచివెళ్ళిన ఆస్తితో దానికి పోలికే లేదు. లెస్టరు రైలు స్టేషను బయట ఇప్పుడు ఆయన విగ్రహం వున్నది. చేతిలో గొడుగు, పక్కన పెట్టె.

ఆయన పేరిట నడిచిన బ్రిటిషు సంస్థ ఎన్నో చేతులు మారి, అప్పుల భారంతో 2019 సెప్టెంబరు 23న మూతపడింది. ఆ రోజున పరదేశాలలో చిక్కుకొన్న సుమారు లక్షా యాభైవేలమంది బ్రిటిషు యాత్రికులను అక్కడి ప్రభుత్వం విమానాలు పెట్టి ఇళ్ళకు చేర్చవలసి వచ్చింది. 1851లో కుక్ లండను చూపించిన వారి సంఖ్య కూడా ఇంచుమించు అంతే. మన దేశంలో అదే పేరుతో వున్న సంస్థ 2012 నుంచీ వేరే యాజమాన్యంలో వుండటంవల్ల ఆ దెబ్బ దీనికి తగల్లేదు.

మనకు సంబంధించినంత వరకు

ఇంత దూరం చదివినవారు, ఇంతకూ ఈజిప్టు వెళ్ళాలా వద్దా అని అడుగుతారు. నేను చెప్పదలచినది ఒకటే. నలుగురితో పాటు నారాయణా అనే మాటను మనం ఆలోచన లేకుండా గుంపులో పడిపోవటమనే అర్థంలో వాడుతుంటాము. కుక్ జీవితం చూస్తే దానికి మరో అర్థం తోస్తుంది. ఒంటరిగా అయితే ఆ అయిదువందలమందిలో ఒక్కరు కూడా ఇల్లు కదిలేవారు కాదు. భయమో, ఖర్చో, తోడు లేకపోవటమో అడ్డం వచ్చేది. నలుగురూ కలిస్తే ఖర్చు తగ్గుతుంది, భయం పోతుంది, ఒకరు జబ్బుపడితే మరొకరు వుంటారు. మనది పెన్షనర్ల సంఘం. మెడికల్ బిల్లుల కోసం, డీఏ బకాయిల కోసం ఒక్కటిగా నిలబడ్డాము. విహారానికి మాత్రం ఎవరికి వారు ఎందుకు మిగిలిపోవాలి?

అయితే ఆయన పద్ధతినే మనమూ పాటించాలి. ముందుగా అన్నీ తెలుసుకోవాలి. ఏ సొమ్ము దేనికి కడుతున్నామో కాగితం మీద వుండాలి. ప్రతివారూ వైద్యుని సలహా, తమ మందుల చీటీ, ప్రయాణ బీమా సిద్ధం చేసుకోవాలి. పిరమిడ్ లోపలి దారి ఇరుకు, నడుము వంచి ఎక్కాలి. గుండె జబ్బు, మోకాళ్ళ బాధ వున్నవారు బయటనుంచి చూసి తృప్తిపడటం మంచిది. రాజుల లోయను పొద్దున్నే చూసుకోవాలి. గిజా పక్కన 2025లో పూర్తిగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి ఒక పూర్తి రోజు కేటాయించాలి. పాత యాత్రికులు చాలామంది గోడలమీద పేర్లు చెక్కారు, చేతికందిన పురావస్తువులు కొనుక్కొని పోయారు. అది మనం నేర్చుకోకూడని పాఠం. ఇప్పుడు అక్కడి చట్టం ప్రకారం పురాతన వస్తువు ఏదీ దేశం దాటించకూడదు.

ప్రయాణం చేయలేని వారు చిన్నబుచ్చుకోవద్దు. ఈజిప్టు మన నగరానికే వచ్చి తొంభై ఏళ్ళు దాటింది. పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో నైషు అనే యువతి మమ్మీ వున్నది. ఆరవ నిజాం అల్లుడు కొని తెచ్చిన ఆ మమ్మీని ఏడవ నిజాం 1930లో ప్రదర్శనశాలకు ఇచ్చారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో బండి మారితే, అసెంబ్లీ స్టేషనులో దిగి నడిచిపోవచ్చు. మనవలను వెంటబెట్టుకొని వెళ్ళండి. రెండువేల ఏళ్ళ క్రిందట పెరిగి, పెద్ద వయస్సు చూడకుండానే పోయిన ఒక ఆడపిల్ల అక్కడ పడుకొని వుంది. కాసేపు నిలబడి చూస్తే, మనకు లభించిన ఈ అరవై, డెబ్బై ఏళ్ళూ ఎంత పెద్ద కానుకో తెలుస్తుంది.

ఆ కానుకను ఇంట్లో కూర్చొని ఖర్చుపెట్టాలా, నలుగురితో కలిసి ఖర్చుపెట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. నా సంగతి అడిగితే, ఈ వ్యాసం ముగించగానే మా ఇంటావిడను ఒప్పించి, జాబితాలో మా ఇద్దరి పేర్లూ రాయించాను. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ముందు కాశీ, తరువాత ఈజిప్టు. కుక్ కూడా ప్రపంచం చుట్టినప్పుడు ఆ వరుసలోనే వెళ్ళారు గనుక నాకు అభ్యంతరం లేదు.

యాత్రకు బయలుదేరే సభ్యులకూ, వారి కుటుంబాలకూ శుభం కలుగుగాక.